సాయానికి సిద్ధం, సంఘానికి దూరం: సోషలిజం తర్వాతి పోలండ్‌లో పౌర సమాజం

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైంది. నెల తిరక్కముందే 20 లక్షల మందికి పైగా సరిహద్దు దాటి పోలండ్‌లోకి వచ్చారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. స్టేషన్లలో, పెద్ద హాళ్లలో తాత్కాలిక బసలు పెట్టారు గానీ, నెలల తరబడి జనం గుడారాల్లో మగ్గే శిబిరాలు వెలవలేదు. పోలిష్ కుటుంబాలు తమ ఇళ్లలోనే గదులు ఖాళీ చేసి ఇచ్చాయి. ఎవరూ పిలవకుండానే జనం కార్లు వేసుకుని సరిహద్దుకు వెళ్లి, ముక్కూ మొహం తెలియని తల్లీపిల్లల్ని ఎక్కించుకుని ఊళ్లకు తెచ్చుకున్నారు. దేశంలోని వయోజనుల్లో సగానికి పైగా ఏదో ఒక రకంగా సాయపడ్డారని తర్వాతి సర్వేలు చెప్పాయి. ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతూ చిక్కుకుపోయిన మన తెలుగు పిల్లలు కూడా ఆ రోజుల్లోనే పోలండ్, రొమేనియా, హంగరీ, స్లొవేకియా సరిహద్దులకు చేరారు. ఆ చలిలో నడిచి వచ్చిన వాళ్లలో చాలామందికి వేడి సూప్, దుప్పటి, సిమ్‌కార్డు ఇచ్చింది అక్కడి స్థానిక వాలంటీర్లే.

ఈ నాలుగూ ఒకప్పటి సోషలిస్టు దేశాలు. పౌర సమాజం, అంటే జనం తమంతట తాము పెట్టుకుని నడుపుకునే సంఘాలు, బలహీనంగా ఉన్న దేశాలు అన్న పేరు వీటికి మూడు దశాబ్దాలుగా ఉంది. అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త మార్క్ మోర్జే హోవర్డ్ 1990ల మధ్యలో జరిగిన ప్రపంచ విలువల సర్వే లెక్కలు తీసుకుని, ఒక్కో దేశంలో ఒక మనిషి సగటున ఎన్ని సంస్థల్లో సభ్యుడో చూశాడు. పాత ప్రజాస్వామ్యాల్లో ఆ సగటు 2.39. సోషలిజంతో సంబంధం లేని నియంతృత్వాల నుంచి బయటపడిన దేశాల్లో 1.82. మాజీ సోషలిస్టు దేశాల్లో 0.91. అంటే సగటున మనిషికి ఒక్క సంస్థ కూడా లేదు. గుళ్లు, యూనియన్లు, ఆటల క్లబ్బులు, పర్యావరణ సంఘాలు అన్నీ కలిపి లెక్కేసినా అంతే.

మరి 2022లో సరిహద్దుకు పరుగెత్తినవాళ్లు ఎవరు? ఆ సర్వేల్లో "ఏ సంస్థలోనూ సభ్యుణ్ని కాను" అని చెప్పిన జనమే. ఈ రెండు నిజాలూ ఒకే దేశంలో ఎలా ఇమిడాయో అర్థం చేసుకోవాలంటే పోలండ్ కథను కాస్త వెనక నుంచి చూడాలి. ఆ దేశాల్లో కొరత ఉన్నది దయకు కాదు, సంస్థ మీద నమ్మకానికి. ఆ నమ్మకం పోవడంలో సోషలిస్టు ప్రభుత్వాల పాత్ర ఎంతుందో, వాటి తర్వాత వచ్చిన దశాబ్దం పాత్ర కూడా దాదాపు అంతే ఉందని నేను నమ్ముతున్నాను.

ఆదివారం పార

మాస్కో ప్రగతి ప్రచురణాలయం పుస్తకాలు చదివి పెరిగిన తెలుగు పాఠకులకు సుబ్బోత్నిక్ గురించి, అంటే జీతం లేకుండా చేసే శనివారపు పని గురించి, చెప్పక్కర్లేదు. 1919 ఏప్రిల్ 12 శనివారం రాత్రి మాస్కో రైల్వే డిపోలో పదిహేను మంది కార్మికులు జీతం తీసుకోకుండా తెల్లవార్లూ పనిచేసి మూడు రైలింజన్లు బాగుచేశారు. లెనిన్ దాన్ని గొప్ప ఆరంభమని మెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది మే డే నాడు క్రెమ్లిన్ ఆవరణలో తనే దుంగలు మోశాడు. ఆ పదిహేను మంది చిత్తశుద్ధిని శంకించాల్సిన పని లేదు. అంతర్యుద్ధం మధ్యలో, ఆకలితో ఉండి చేసిన పని అది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ పని క్యాలెండర్‌లోకి ఎక్కినప్పుడు. ఫలానా శనివారం ఫలానా ఫ్యాక్టరీ నుంచి ఇంతమంది స్వచ్ఛందంగా రావాలి అని పైనుంచి లెక్క దిగినప్పుడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పద్ధతి తూర్పు యూరప్ అంతా పాకింది. చెకోస్లొవేకియాలో "యాక్షన్ జెడ్" అన్నారు. యుగొస్లావియాలో యువజన దళాలు రైలు మార్గాలే వేశాయి. పోలండ్‌లో దాన్ని సామాజిక కార్యం అనేవారు. ఆదివారాల్లో పార్కులు ఊడవడం, చెట్లు నాటడం, ఊరికి రోడ్డు వెయ్యడం. మన శ్రమదానం లాంటిదే. కాకపోతే రాకపోతే పేరు రాసుకునేవాళ్లు. పోలిష్ రాజ్యం పుట్టి వెయ్యేళ్లయిన సందర్భానికి వెయ్యి బడులు కడదామని పార్టీ అధినేత గొమూల్కా 1958లో పిలుపిచ్చాడు. జీతాల్లోంచి కోతలు పెట్టి, జనం శ్రమ కలిపి, 1966 నాటికి వెయ్యికి మించే కట్టారు. ఆ బళ్లలో కొన్ని లక్షల మంది చదువుకున్నారు. చాలా భవనాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. అందుకే ఆ కాలాన్ని మొత్తం బూటకమని కొట్టిపారేయడం నాకు సరికాదనిపిస్తుంది. జరిగిన పని నిజం, అందిన ఫలితం నిజం. లేనిదల్లా "నేను రాను" అనే వీలు. కాదనే వీలు లేనప్పుడు ఔనన్న మాటకు విలువ ఉండదు. పక్కవాడు మనసారా వచ్చాడో, పేరు రాసుకుంటారన్న భయంతో వచ్చాడో తెలియనప్పుడు అతని మీద నమ్మకం పెరగదు.

సంస్థల సంగతీ అంతే. కార్మిక సంఘం, మహిళా సంఘం, యువజన సంఘం, పోలిష్-సోవియట్ స్నేహ సంఘం, అన్నిట్లో లక్షల సభ్యులు. సభ్యత్వ రుసుము జీతంలోంచే పోయేది. యూనియన్ సభ్యుడికి సెలవుల్లో విహార కేంద్రంలో గది దొరికేది, పిల్లలకు వేసవి శిబిరం దొరికేది. జనం ఆ సౌకర్యాల కోసం చేరారు, ఆ మేరకే చేరారు. స్వతంత్రంగా నిలబడగలిగే వాటిని మాత్రం ప్రభుత్వం మిగల్చలేదు. చర్చి నడిపే సేవాసంస్థ కారితాస్‌ను 1950లో లాక్కుంది. అది తిరిగి చర్చి చేతికి వచ్చింది సోషలిజం కూలాకే.

క్యూలో కమిటీ

ఇంత కట్టడి ఉన్నా జనం తమంతట తాము ఏమీ చేసుకోలేదా అంటే, చేసుకున్నారు. 1980ల్లో పోలండ్‌లో ఫ్రిజ్ కొనాలన్నా, సోఫా కొనాలన్నా దుకాణం ముందు రోజుల తరబడి క్యూ ఉండేది. అన్ని రోజులు ఎవరూ నిలబడలేరు కాబట్టి జనమే క్యూ కమిటీలు వేసుకున్నారు. ఒకరు నోటు పుస్తకంలో పేర్లు రాసేవారు. ఇన్ని గంటలకోసారి హాజరు పిలిచేవారు, రాని వాళ్ల పేరు కొట్టేసేవారు. పిల్లల తల్లులకు, ముసలివాళ్లకు కొన్ని మినహాయింపులు. ఏ చట్టం లేదు, ఏ అధికారి లేడు, అయినా ఆ జాబితాను అందరూ గౌరవించేవారు. ఆ కమిటీ సరుకు వచ్చిన రోజే రద్దయ్యేది.

దీనికి ఇంకో ముఖం ఉంది. కొరత ఉన్నచోట పరిచయాలే పెట్టుబడి. మాంసం దుకాణంలో తెలిసినవాళ్లు, ఆసుపత్రిలో తెలిసినవాళ్లు, గృహనిర్మాణ ఆఫీసులో తెలిసినవాళ్లు ఉంటేనే బతుకు సాగేది. అందుకని జనం చుట్టాలతో, స్నేహితులతో చాలా గట్టిగా అల్లుకుపోయారు. ఒకరి కోసం ఒకరు ఎంతదూరమైనా వెళ్లేవారు. కానీ ఆ వలయం దాటి బయట ఉన్నవాడు అనుమానితుడే. పోలిష్ సామాజిక శాస్త్రవేత్త స్టెఫాన్ నోవాక్ 1979లో ఈ స్థితిని చాలా స్పష్టంగా పట్టుకున్నాడు. మనిషి తనది అనుకునేవి రెండే: ఒకటి కుటుంబం, దగ్గరి మిత్రులు. రెండోది పోలిష్ జాతి మొత్తం. ఈ రెంటికీ మధ్య, అంటే పనిచేసే చోటు, ఉండే వీధి, ఊరు, సంఘం ఉండాల్సిన చోట, ఏమీ లేదు. ఆ ఖాళీని ఆయన సామాజిక శూన్యం అన్నాడు. ఆ మాట తప్పని తర్వాత వచ్చిన సాలిడారిటీ కార్మికోద్యమం నిరూపించిందని కొందరు వాదించారు. నిజంగా నిరూపించిందా అన్నది ఇప్పటికీ తెగని చర్చే.

సాలిడారిటీకి ముందు ఒక చిన్న ప్రయత్నం ఉంది. అది చిన్నదే అయినా ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనది. 1976 జూన్‌లో ఆహార ధరలు పెంచితే రాదోమ్ పట్టణంలో, వార్సా శివార్లలోని ఉర్సుస్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో కార్మికులు తిరగబడ్డారు. వందలమందిని కొట్టారు, ఉద్యోగాల్లోంచి తీసేశారు, జైళ్లలో పెట్టారు. ఆ సెప్టెంబరులో పద్నాలుగు మంది కలిసి కార్మికుల రక్షణ కమిటీ పెట్టారు. వాళ్లలో చరిత్రకారుడు యాత్సెక్ కూరోన్ ఒకరు. వాళ్లు చేసిన పని చాలా మామూలుది. కోర్టు వాయిదాలకు వెళ్లి కూర్చోవడం, లాయర్లను పెట్టడం, జైల్లో ఉన్నవాళ్ల ఇళ్లకు డబ్బు చేర్చడం. అసాధారణమైన సంగతి ఏమిటంటే, వాళ్లు తమ పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు బాహాటంగా ప్రకటించారు. ఎవరి గురించీ ఎవరికీ తెలియకుండా బతకడం అలవాటైన దేశంలో, మా తలుపు ఇదీ, వచ్చి తట్టండి అన్నారు. 1970లో రేవు పట్టణం గ్దాన్స్క్‌లో కార్మికులు పార్టీ కమిటీ భవనాన్ని తగలబెట్టారు. కమిటీలను కాల్చకండి, మీ సొంత కమిటీలు పెట్టుకోండి అన్న మాట కూరోన్ చెప్పిందిగా పోలండ్‌లో అందరి నోటా ఉంది.

1980 ఆగస్టులో గ్దాన్స్క్ నౌకా నిర్మాణ కేంద్రంలో జరిగిన సమ్మెలోంచి, లేక్ వలేసా నాయకత్వంలో సాలిడారిటీ పుట్టింది. ఏడాదిలో దాదాపు కోటి మంది చేరారు. 1981 డిసెంబరు 13న సైనిక పాలన పెట్టి దాన్ని అణిచారు. అజ్ఞాతంలో బతికింది. 1989 జూన్ ఎన్నికల్లో గెలిచింది. ఇదంతా చాలామందికి తెలిసిన కథే. ఇక్కడ చెప్పాల్సింది ఒకటే ఉంది: ఆ కోటి మందిలో ఎక్కువమంది చేరింది తమ వీధిలో మురుగు కాలువ బాగుచేయించడానికి కాదు, దేశాన్ని బాగుచేయడానికి. నోవాక్ చెప్పిన ఆ రెండో కొస, జాతి, ఒక్కసారిగా లేచి నిలబడింది. మధ్య ఖాళీ మాత్రం అలాగే ఉండిపోయింది. 1989లో యూనియన్ మళ్లీ చట్టబద్ధమైనప్పుడు ఆ కోటి మంది తిరిగి రాలేదు.

గెలిచాక జరిగింది

1990 జనవరి 1 నుంచి ఆర్థిక మంత్రి బాల్త్సెరోవిచ్ ప్రణాళిక అమల్లోకి వచ్చింది. ధరల మీద అదుపు తీసేశారు, సబ్సిడీలు కోశారు, ప్రభుత్వ సంస్థలు మూతపడటం మొదలైంది. 1993 చివరికి నిరుద్యోగం 16 శాతం దాటింది. అంతకుముందు అక్కడ నిరుద్యోగం అనేదే లేదు, కాగితాల మీదైనా సరే. జీవితాంతం ఉంటుందనుకున్న ఉద్యోగం పోయినవాళ్లలో, ఏ ఫ్యాక్టరీలో సమ్మె చేసి ఈ స్వేచ్ఛ తెచ్చారో ఆ ఫ్యాక్టరీల వాళ్లే ఎక్కువ. కొత్త ప్రభుత్వంలో కార్మిక మంత్రి ఎవరంటే, కూరోన్. ఆయన స్వయంగా గరిటె పట్టుకుని పేదలకు సూప్ వడ్డించాడు. నిరుద్యోగ భృతిని జనం ఆయన పేరుతోనే కురోనియుఫ్కా అని పిలిచారు. అందులో ప్రేమ ఉంది, బాధ కూడా ఉంది. జనం సంస్థల్లో ఎందుకు చేరరో హోవర్డ్ చెప్పిన మూడు కారణాల్లో ఇది మూడోది: పాత సంస్థల మీద అపనమ్మకం, స్నేహ వలయాలు చాలన్న భావన, మార్పు తర్వాత మిగిలిన నిరాశ.

అదే సమయంలో ఉద్యమంలోని చురుకైన మనుషులు వెళ్లిపోయారు. కొందరు పార్లమెంటుకు, కొందరు మంత్రిత్వ శాఖలకు, కొందరు పత్రికలకు, కొందరు వ్యాపారంలోకి. దేశం నడపడానికి మనుషులు కావాలి కాబట్టి అది తప్పనిసరే. కానీ మొహల్లా స్థాయిలో పనిచేయగల అనుభవం ఉన్నవాళ్లు ఒక్క దెబ్బతో ఖాళీ అయిపోయారు.

ఆ ఖాళీలోకి పడమటి డబ్బు వచ్చింది. అమెరికా ప్రభుత్వం, యూరోపియన్ యూనియన్ వారి ఫార్ అనే సాయ కార్యక్రమం, జార్జ్ సోరోస్ పెట్టిన బాతోరి ఫౌండేషన్, జర్మన్ పార్టీల ఫౌండేషన్లు. ఈ డబ్బు చేసిన మేలును చిన్నబుచ్చడం అన్యాయం. స్థానిక ఎన్నికల శిక్షణ, ఉచిత న్యాయసహాయం, గృహహింస బాధితులకు ఆశ్రయం, వికలాంగుల హక్కులు, ఇవన్నీ ఆ దేశానికి ఆ డబ్బుతోనే పరిచయమయ్యాయి. అయితే డబ్బు ఎటునుంచి వస్తే సంస్థ మొహం అటు తిరుగుతుంది. ప్రతిపాదన ఇంగ్లీషులో రాయాలి, ఫలితం ఏడాదిలో చూపించాలి, ఆడిట్ పెట్టాలి. కాబట్టి వార్సా, క్రాకోవ్ లాంటి నగరాల్లో ఇంగ్లీషు వచ్చిన చదువుకున్న బృందాలే నిలదొక్కుకున్నాయి. వాళ్లకు సభ్యులు అవసరం లేదు, చందాలు అవసరం లేదు, పక్కింటివాళ్ల మెప్పు అవసరం లేదు. దాత మెచ్చుకుంటే చాలు. బయటినుంచి చూసే సామాన్యుడికి ఇదెలా కనిపించింది? మళ్లీ పైనుంచి దిగిన సంస్థ, మళ్లీ మనకు తెలియని భాషలో రాసుకున్న కార్యక్రమం. ఈసారి ఎవరూ బలవంతం చేయలేదు, అంతే తేడా.

2004 మే 1న పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. ఇక వీళ్లకు సాయం అక్కర్లేదని అమెరికన్ దాతలు చాలామంది తూర్పుకు, ఉక్రెయిన్, జార్జియా వైపుకు కదిలారు. యూరోపియన్ యూనియన్ నిధులు వచ్చాయి గానీ వాటికి కావలసిన కాగితాలు, సొంత వాటా, ఖర్చు పెట్టాక తిరిగిచ్చే పద్ధతి, ఇవి చిన్న సంఘానికి మోయలేని బరువు. పెద్దవి బతికాయి, చిన్నవి మునిసిపాలిటీకి కాంట్రాక్టు మీద సేవలు చేసే స్థితికి వచ్చాయి.

పక్కనున్న చెక్ దేశం ఈ చిక్కును వేరే రకంగా విప్పాలని చూసింది. జనానికి కూపన్లిచ్చి, వాటితో వాటాలు తీసుకోనిచ్చి ప్రభుత్వ ఆస్తులను ప్రైవేటుపరం చేసినప్పుడు, రెండో విడత వాటాల్లో ఒక శాతం పక్కన పెట్టి, 1999 నుంచి ఫౌండేషన్లకు మూలనిధిగా పంచింది. అసలును ముట్టకుండా వచ్చే ఆదాయంతో సాయం చేయాలి. జనం ఆస్తిలోంచి వచ్చిన డబ్బే జనం సంస్థలకు ఆధారం కావడం, ఈ ప్రాంతంలో నేను చూసిన ఆలోచనల్లో చాలా తెలివైనది. ఆ దేశంలో మరో ముఖ్యమైన చర్చ కూడా నడిచింది. పౌరులు ఎన్నికలకూ ఎన్నికలకూ మధ్య కూడా సంఘాలుగా కూడి మాట్లాడాలి, అదే ప్రజాస్వామ్యానికి ప్రాణం అని అధ్యక్షుడు హావెల్ అన్నాడు. స్వేచ్ఛగల వ్యక్తులు, పార్టీలు, మార్కెట్ ఉంటే చాలు, ఎన్నిక కాని సంఘాలకు ప్రజల తరఫున మాట్లాడే హక్కెక్కడిది అని ప్రధాని క్లౌస్ అడిగాడు. క్లౌస్ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యలేం. సభ్యులు లేని సంస్థ ఎవరి తరఫున మాట్లాడుతోంది అన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు సంస్థల్ని తగ్గించడం అనుకోవడంలోనే ఆయనతో నాకు పేచీ.

ఒక శాతం

హంగరీ 1996లో ఒక కొత్త చట్టం చేసింది. ఆదాయపు పన్ను కట్టే ప్రతి మనిషీ తన పన్నులో ఒక శాతం ఫలానా స్వచ్ఛంద సంస్థకు వెళ్లాలని రాయవచ్చు. జేబులోంచి అదనంగా పోయేది ఏమీ లేదు. ప్రభుత్వానికి పోయేదాంట్లోంచే. స్లొవేకియా, లిథువేనియా, రొమేనియా దాన్ని అందుకున్నాయి. పోలండ్ 2003లో చేసిన ప్రజాహిత కార్యకలాపాల, వాలంటీర్ల చట్టంలో పెట్టింది. ఇప్పుడు అక్కడ అది ఒకటిన్నర శాతం. వాలంటీర్ అంటే ఎవరు, అతనికి బీమా ఎవరు చేయించాలి, ముప్పై రోజులు దాటితే రాతపూర్వక ఒప్పందం ఎలా ఉండాలి అన్నవి కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి.

ఆశించింది ఏమిటంటే, పన్ను కాగితం మీద సంస్థ పేరు రాసేటప్పుడు మనిషి ఆలోచిస్తాడు, మా ఊళ్లో ఎవరు మంచిపని చేస్తున్నారని వెతుకుతాడు, అలా ఇద్దరి మధ్య బంధం కుదురుతుంది. కొంతమేర కుదిరింది కూడా. కానీ పోలండ్‌లో అది ఎక్కువగా ఇంకో దారి పట్టింది. పెద్ద ఫౌండేషన్లు జబ్బుపడ్డ పిల్లలకు ఒక్కొక్కరికీ ఒక ఉపఖాతా తెరవడం మొదలుపెట్టాయి. తల్లిదండ్రులు పాంప్లెట్లు పంచి, బంధువుల్ని, తోటి ఉద్యోగుల్ని అడిగి, మా పాప ఖాతాకు మీ శాతం రాయండి అంటారు. రిటర్నుల సీజన్ వచ్చిందంటే గోడల మీద, బస్సుల మీద, ఫేస్‌బుక్‌లో పిల్లల ఫోటోలే. పంపిణీ అయ్యే మొత్తంలో పెద్ద భాగం ఇలాంటి కొద్ది సంస్థలకే చేరుతోంది. ఆ తల్లిదండ్రుల్ని ఎవరు తప్పుపడతారు? వైద్యం కోసం వాళ్లకున్న దారి అది. కానీ ఫోటోలో అందంగా కనబడని రోగికి, మానసిక ఆసుపత్రిలో ఉన్న ముసలాయనకు, నది కాలుష్యం మీద పోరాడే సంఘానికి ఈ పోటీలో చోటు లేదు. కుటుంబం, పరిచయాల వలయం చట్టం కూడా మార్చలేనంత బలంగా ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

దానికి భిన్నంగా నడిచినది ఎర్రగుండె గుర్తున్న ఒక చందాల సంస్థ. టీవీలో యువత కార్యక్రమాలు చేసే యెజీ ఓవ్‌శాక్ 1993 జనవరి 3న, వార్సాలో పిల్లల గుండె శస్త్రచికిత్సలకు పరికరాలు కొనడానికి దేశమంతటా ఒక్కరోజు చందాలు పోగుచేశాడు. పోలిష్‌లో ఆ సంస్థ పొట్టి పేరు వోష్ప్. అప్పటి నుంచి ప్రతి జనవరిలో ఒక ఆదివారం, లక్ష మందికి పైగా వాలంటీర్లు, ఎక్కువమంది బడి పిల్లలు, డబ్బాలు పట్టుకుని వీధుల్లో నిలబడతారు. ఎంత వేసినా, చిల్లర వేసినా సరే, కోటు మీద ఎర్రగుండె స్టిక్కర్ అంటిస్తారు. ఆ రోజు స్టిక్కర్ లేకుండా తిరిగే మనిషి కనిపించడం కష్టం. డబ్బాకు సీలు, వాలంటీరుకు గుర్తింపు కార్డు, వచ్చిన మొత్తం పైసలతో సహా ప్రకటన, కొన్న ప్రతి యంత్రం మీదా అదే గుండె గుర్తు. పుట్టిన బిడ్డలకు వినికిడి పరీక్ష దేశవ్యాప్తంగా నడుస్తున్నది ఈ సంస్థ చలవతోనే. 2024లో పోగైనది 28 కోట్ల జ్లోటీలకు (జ్లోటీ పోలండ్ కరెన్సీ) పైగా.

ఇది ఎందుకు నాటుకుంది అన్నదానికి నాకు తోచిన జవాబు సూటిగానే ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు, మొహం తిప్పుకుని వెళ్లినా పేరు రాసుకునేవాళ్లు లేరు. డబ్బు బయటి దేశం నుంచి రాలేదు, కాబట్టి జనానికే లెక్క చెప్పాలి. ఇచ్చిన చిల్లర ఏమైందో తర్వాత ఆసుపత్రిలో తమ బిడ్డ పక్కనున్న ఇన్‌క్యుబేటర్ మీద కనబడుతుంది. పార వేసిన ఆదివారానికి ఇది ప్రతి అంశంలోనూ ఎదురు. దీనికి ఒక పరిమితి కూడా ఉంది. ఏడాదికి ఒక్కరోజు, డబ్బాలో చిల్లర, అంతటితో సరి. ఆ లక్షమంది పిల్లల్లో ఎంతమంది ఫిబ్రవరిలో ఏదైనా సంఘం సమావేశానికి వెళతారన్నది వేరే సంగతి. రాజకీయం కూడా దీన్ని వదల్లేదు. చట్టం-న్యాయం పార్టీ అధికారంలోకి వచ్చాక 2017 నుంచి ప్రసారాన్ని ప్రభుత్వ టీవీ వదిలేసింది, ప్రైవేటు చానల్ అందుకుంది. 2019 జనవరి 13న గ్దాన్స్క్ మేయర్ పావెల్ అదమోవిచ్ ఈ సంస్థ వేదిక మీదే కత్తిపోట్లకు గురై మరునాడు చనిపోయాడు. ఆయన చివరిసారి పట్టుకున్న డబ్బా నింపుదామని ఒకరు ఆన్‌లైన్‌లో పిలుపిస్తే, కొద్ది రోజుల్లోనే కోటిన్నర జ్లోటీలకు పైగా వచ్చాయి.

ప్రభుత్వం ఎవరి పక్క

సంస్థల మీద జనానికి ఉన్న అనుమానాన్ని ప్రభుత్వాలు బాగా వాడుకున్నాయి. రష్యా 2012లో విదేశీ ఏజెంట్ల చట్టం తెచ్చింది. బయటి డబ్బు తీసుకుని "రాజకీయం" చేసే సంస్థ తన ప్రతి కాగితం మీదా ఆ ముద్ర వేసుకోవాలి. స్టాలిన్ కాలపు బాధితుల పేర్లు సేకరించిన మెమోరియల్ సంస్థను 2021 డిసెంబరులో కోర్టు రద్దు చేసింది. మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి దానికి వచ్చింది. హంగరీ 2017లో విదేశీ నిధుల సంస్థలకు ప్రత్యేక నమోదు పెట్టింది, 2020లో యూరోపియన్ న్యాయస్థానం అది చెల్లదంది. జార్జియా 2024లో, వీధుల్లో పెద్ద ఎత్తున నిరసనలు జరుగుతున్నా, అలాంటి చట్టమే చేసింది. ఈ చట్టాలకు అక్కడి జనంలో కొంత మద్దతు దొరకడానికి, 1990ల్లో సంస్థలు దాతల వైపే మొహం పెట్టుకుని పనిచేయడం ఒక కారణం. ఆ లోపం నిజమే. దానికి మందు సంస్థల్ని శత్రువులుగా ముద్ర వేయడమని చెప్పడం మాత్రం దుర్మార్గం.

పోలండ్‌లోనే ఆరు నెలల తేడాలో రెండు దృశ్యాలు కనిపించాయి. 2021 శరదృతువులో బెలారుస్ సరిహద్దు అడవుల్లో సిరియా, ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు చలికి చచ్చిపోతున్నప్పుడు, ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని నిషేధిత మండలం చేసింది. డాక్టర్లను, పాత్రికేయులను రానివ్వలేదు. అక్కడి ఊళ్ల వాళ్లు కొందరు కిటికీల్లో పచ్చ దీపాలు పెట్టారు, ఈ ఇంటికి వస్తే అన్నం పెడతాం, పోలీసులకు చెప్పం అని. అడవిలోకి సూప్, బట్టలు మోసుకెళ్లిన వాలంటీర్లలో కొందరి మీద కేసులు నడిచాయి. ఆ తర్వాతి ఫిబ్రవరిలో ఉక్రెయిన్ సరిహద్దులో అదే పని చేసినవాళ్లను అదే ప్రభుత్వం దేశానికి గర్వకారణమంది. ఇంట్లో శరణార్థిని పెట్టుకున్నవాళ్లకు మనిషికి రోజుకు 40 జ్లోటీలు ఇచ్చింది కూడా. వాలంటీరు ఎవరికి సాయం చేయాలో ప్రభుత్వమే నిర్ణయిస్తానంటే, పాత ఆదివారాల వాసన కొంచెం తగులుతూనే ఉంటుంది.

2022 వసంతం తర్వాత ఏమైందన్నది పతాక శీర్షికల్లో పెద్దగా రాలేదు. అంతర్జాతీయ సంస్థలు ఒక్కసారిగా దిగాయి. మళ్లీ ఇంగ్లీషు ప్రతిపాదనలు, మళ్లీ స్వల్పకాలిక ప్రాజెక్టులు. ఇళ్లలో పెట్టుకున్నవాళ్లు నెలలు గడిచేకొద్దీ అలిసిపోయారు. చిన్న ఇంట్లో రెండు కుటుంబాలు, ఒకే వంటగది, ఒకే బాత్రూమ్. మొదటి వారాల్లో ఫేస్‌బుక్ గ్రూపుల్లో పుట్టిన బృందాలు చాలావరకు క్యూ కమిటీల్లాగే పని అవ్వగానే కరిగిపోయాయి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా ఆపేసినప్పుడు ఉక్రెయిన్, మొల్దోవా, జార్జియాల్లో దాని మీదే ఆధారపడ్డ సంస్థలు సిబ్బందికి జీతాలివ్వలేని స్థితికి వచ్చాయి. డబ్బు ఎటునుంచి వస్తే సంస్థ మొహం అటే అన్న ముప్పై ఏళ్ల కిందటి లెక్క మళ్లీ ముందుకొచ్చింది.

ఈ మొత్తంలో పరిశోధకులూ దాతలూ తక్కువగా పట్టించుకున్న సంఘాలు పోలిష్ పల్లెల్లో ఉన్నాయి. స్వచ్ఛంద అగ్నిమాపక దళాలు, వాళ్ల మాటలో ఓఎస్పీ. సుమారు 16,000 దళాలు, దాదాపు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఒకటి. పందొమ్మిదో శతాబ్దంలో, పోలండ్ మూడు సామ్రాజ్యాల కింద నలిగిన రోజుల్లో పుట్టాయి. సోషలిస్టు ప్రభుత్వం అదుపులో పెట్టుకుంది గానీ మూసెయ్యలేకపోయింది, ఎందుకంటే గడ్డివాము తగలబడితే ఆర్పడానికి ఎవరో ఒకరు కావాలి. సైరన్ మోగితే రైతు, బేకరీ వాడు, బడి పంతులు పరుగెత్తుకొస్తారు. ఆ భవనంలోనే పెళ్లిళ్లు, బ్యాండు మేళం సాధన, ఊరి సమావేశం. 1997 వరదల్లో, 2024 సెప్టెంబరు వరదల్లో ఇసుక బస్తాలు మోసినవాళ్లలో వీళ్లు ముందున్నారు. 2022లో సరిహద్దు ప్రాంతాల్లో శరణార్థుల కోసం తెరిచిన చోట్లలో వీళ్ల భవనాలు కూడా ఉన్నాయి. నోవాక్ చెప్పిన మధ్య ఖాళీ పల్లెల్లో పూర్తి ఖాళీ కాదని చెప్పడానికి ఇవి చాలు. సర్వేల్లో అడిగే ప్రశ్నలకు ఇవి సరిగా అందకపోయి ఉండొచ్చు.

2021 డిసెంబరులో చేసిన చట్టం ప్రకారం, ఓఎస్పీలో పాతికేళ్లు పనిచేసిన మగవాళ్లకు, ఇరవై ఏళ్లు పనిచేసిన ఆడవాళ్లకు వృద్ధాప్యంలో నెలనెలా భత్యం వస్తుంది; 2022లో మొదలైనప్పుడు అది 200 జ్లోటీలు. డబ్బిస్తే అది ఇంకేం స్వచ్ఛంద సేవ అన్నవాళ్లు ఉన్నారు. ఓట్ల కోసం చేశారన్నవాళ్లూ ఉన్నారు, అందులో కొంత నిజం ఉండొచ్చు. అయినా ఆ చట్టం లెక్కపెట్టింది ప్రాజెక్టు నెలల్ని కాదు, సైరన్ మోగినప్పుడల్లా వచ్చిన సంవత్సరాల్ని. శరణార్థులకు భాష నేర్పేవాళ్లకు, వృద్ధుల ఇళ్లకు భోజనం మోసేవాళ్లకు, ఒకప్పుడు కూరోన్ బృందం చేసినట్టు కోర్టు వాయిదాలకు తోడు వెళ్లేవాళ్లకు అలా సంవత్సరాలు లెక్కపెట్టే ఏర్పాటు పోలండ్‌లో ఇంకా లేదు.